బుక్‌చొన్ ఇంటి గడప

కాజిల్‌బార్,
9 మార్చి 2025.

ఒసేయ్ చంద్రీ,

ముందుగా ఆశీస్సులు. చివర్లో రాద్దామంటే అప్పటిదాకా నాకు ఓపిక ఉంటుందో లేదో, అందుకని ముందే పడేస్తున్నాను.

ఫోన్లో మాట్లాడుకుంటే మనిద్దరిలో ఎవరో ఒకరు మధ్యలో కట్ చేస్తాం. మొన్న నేనే చేశాను. ఇకమీదట నీ ఫోను ఎత్తను. కాగితం మీదైతే కాస్త ఆలోచించి తిట్టుకుంటాం, ఇదే నయం. వర్షిత నవ్వుతోంది. "మామ్, యూ ఆర్ గాన్ మ్యాడ్" అంది. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ, మెయ్‌నూత్‌లో చదువుకోడానికి వెళ్ళాక నోటివెంట రావడం బొత్తిగా మానేసింది.

ఇంతకీ అసలు సంగతి. బంగారంలాంటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేశావు. సోల్‌లో టూరిస్టులను వెంటేసుకుని వీధులు చూపించే పని పట్టావు. పోనీ అనుకున్నాను. ఇప్పుడేమో తొంభై ఏళ్ళనాటి పెంకుటిల్లు అద్దెకు తీసుకున్నానంటావు. నేను రోజంతా ఆసుపత్రిలో చూసేది తొంభై ఏళ్ళవాళ్ళనే, నాకు తెలుసు ఆ వయసుకి ఏమేం ఊడతాయో! ఇక్కడ నా ఇంట్లో మేడమీద గది ఖాళీగా ఉంది. మీ బావ వారమంతా డబ్లిన్లో ఉంటారు. అక్కడే లూకన్‌లో మీ బావ స్నేహితుడు హేమచంద్ గారి కంపెనీలో, ఇంట్లోంచే పనిచేసే మనుషులు కావాలని అడుగుతున్నారు. నీకు నలభై మూడేళ్ళు వచ్చాయి, అక్క మాట వింటే తప్పేం కాదు.

వినవని తెలుసు. సరే, ఇల్లు మారావు కాబట్టి చెప్తున్నాను, వచ్చే శుక్రవారం తలంటుకుని వీధి గుమ్మం గడపకు పసుపు రాసి బొట్లు పెట్టు. పరాయి దేశమని సిగ్గుపడకు. ఇక్కడ మా గడప ప్లాస్టిక్‌ది, శుక్రవారం నేను రాస్తే శనివారం వాన కడిగేస్తుంది. అయినా మానానా?

తిట్టినా నీదాన్నే,
సుధక్క


సోల్, గాహ్వేదాంగ్,
30 మార్చి 2025.

అక్కా,

నీ ఉత్తరం పొరపాటున పక్కింటి గుమ్మం సందులోంచి లోపలికి జారిపడితే ఆ పక్కింటాయన తీసుకొచ్చి ఇచ్చాడు. కవరు మీద చేతిరాత చూసి ఆయనకి ఎంత ముచ్చటేసిందో! ఈ పేటలో పాతవాటికి ఉండే గౌరవం నీకు తెలియదు.

చెప్తాను, తిట్టకుండా చదువు. ఈ పేట పేరు బుక్‌చొన్. రెండు రాజభవనాల మధ్య ఎత్తుపల్లాల మీద ఉంటుంది. ఒకప్పుడు రాజుగారి కొలువులో పెద్ద ఉద్యోగులందరికీ ఇక్కడే పేద్ద పేద్ద లోగిళ్ళు ఉండేవి. తరవాత జపానువాళ్ళు దేశాన్ని పట్టుకుని ఏలుతున్న రోజుల్లో, వాళ్ళ ఇళ్ళు ఊరి దక్షిణం నుంచి ఇటువైపు పాకడం మొదలుపెట్టాయట. అప్పుడు కొరియావాళ్ళే కొందరు ఆ లోగిళ్ళు కొని, ముక్కలు చేసి, చిన్నచిన్న పెంకుటిళ్ళు వరసగా కట్టి తమవాళ్ళకి అమ్మారు. గోడకి గోడ, చూరుకి చూరు. పరాయివాడు దూరడానికి సందు లేకుండా కాపురాలు పెట్టేశారన్నమాట. నేను టూరిస్టులకి ఈ మాట చెప్పినప్పుడల్లా నా గొంతు పెరుగుతుంది, వెంటనే నేనే "ష్" అనుకుంటాను. ఇక్కడ జనం కాపురముంటున్నారు కదా, గట్టిగా మాట్లాడకూడదు. సాయంత్రం ఐదు దాటితే టూరిస్టులు అసలు రాకూడదు.

వీటిని హానొక్‌లు అంటారు. మాది 1936లో కట్టింది. నడి ఇంటి దూలం మీద సిరాతో తేదీ రాసి ఉంది. దానికి ఒక చివర డ్రాగన్ అనీ, ఇంకో చివర తాబేలు అనీ రాశారు. రెండూ నీళ్ళలో తిరిగేవి కాబట్టి ఇంటికి నిప్పు అంటదట. మనం ద్వారబంధం ఎత్తేటప్పుడు పసుపు కుంకుమలు పెట్టమూ? అదీ ఇదీ ఒకటే. గడప తొక్కితే వీళ్ళూ ఒప్పుకోరు తెలుసా!

ఇంటావిడ పేరు యున్ సూన్‌రే. ఎనభై నాలుగేళ్ళు. అందరూ హల్మొని అంటారు, బామ్మ అని అర్థం. కొత్త కోడలిగా ఈ ఇంట్లో కాలుపెట్టి ముసలయ్యేదాకా ఇక్కడే ఉంది. మూడేళ్ళ కిందట కొడుకు మిన్‌హో తన అపార్ట్‌మెంటుకి తీసుకెళ్ళాడు. ఆయన ఈ ఇంటిని హోటల్‌గా మార్చేవాళ్ళకి ఇద్దామంటే ఆవిడ ససేమిరా అంది. "పొయ్యి వెలిగించి వండుకు తినేవాళ్ళకే ఇస్తాను" అంది. నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే, "పొద్దున్న ఇంట్లో ఏం వండుతావు?" ఉప్మా గురించి నేను అంత శ్రద్ధగా ఇంకెవరికీ చెప్పలేదు. సెప్టెంబరు ఆఖరుదాకా ఇచ్చింది. ఇల్లు ఇల్లులా ఉంచితే ఇంకో ఐదేళ్ళు పొడిగిస్తానంది. నాకు కావలసింది అదే. ఊళ్ళు మారీ మారీ విసిగిపోయాను. ఈ ఇంట్లో నేను పాతబడాలి.

పసుపు రాశాను మహాతల్లీ. నీళ్ళతో కలిపితే నిలవడంలేదని కాస్త నువ్వులనూనె పోసి చిక్కగా పట్టించాను. ఎంత కళగా ఉందనుకున్నావు!

నీ
చంద్ర


కాజిల్‌బార్,
27 ఏప్రిల్ 2025.

చంద్రీ,

అమ్మయ్య, ఒక్క మాటైనా విన్నావు. నూనె కలపడం మంచి ఆలోచన, మన అమ్మకి కూడా తట్టలేదు. ప్రతి శుక్రవారం వదలకుండా ఇంకో పూత వెయ్యి. ఆ ఇంటావిడ చూసి మురిసిపోతుంది చూడు. మనవాళ్ళంటే ఏమిటో తెలిసొస్తుంది.

డ్యూటీకి టైమైంది. హాల్లోంచి వర్షిత "టెల్ హర్ ఐ సెడ్ హాయ్" అంటోంది. హాయ్‌ట.

సుధక్క


సోల్,
4 మే 2025.

అక్కా,

కొంప మునిగింది.

నువ్వు ఫోను ఎత్తవు. మూడుసార్లు చేశాను. అంత పంతం ఏమిటే నీకు?

పోయిన శనివారం హల్మొని చెప్పా పెట్టకుండా టాక్సీలో ఒక్కతీ వచ్చింది. నేను పరిగెత్తుకెళ్ళి తలుపులు రెండూ బార్లా తీశాను. ఆవిడ గుమ్మం ముందు నిలబడి కిందకి చూసింది. పచ్చగా మెరిసిపోతోంది గడప. చాలాసేపు చూసింది. నేను రండి రండి అంటూనే ఉన్నాను. ఆవిడ ముఖం బిగుసుకుపోయింది. వెనక్కి తిరిగి వెళ్ళి టాక్సీ ఎక్కింది. లోపల బార్లీ టీ కాచి ఉంచాను, అది కూడా తాగలేదు.

సాయంత్రం మిన్‌హో నుంచి మెసేజీ వచ్చింది. అమ్మ మనసు మార్చుకుంది, లీజు పొడిగించడం లేదు, సెప్టెంబరులో ఖాళీ చెయ్యండి, ఇల్లు హోటల్‌వాళ్ళకి ఇస్తున్నాం అని.

అప్పుడు కూర్చుని గడప తుడిచాను. పోదు! ఇక్కడి కలపకి రంగూ వార్నిషూ ఉండవు, పచ్చి చెక్క. నూనెతో సహా పసుపు తాగేసింది. సిటీవాళ్ళ దగ్గర రిజిస్టరైన పాత ఇల్లు ఇది, మేకు కొట్టాలన్నా అడగాలి. నేను ఏకంగా రంగు పూశాను. దేవుడు మేలు చేస్తాడనుకుంటే ఇదా చేసింది?

చంద్ర


కాజిల్‌బార్,
18 మే 2025.

చంద్రీ,

నీ ఉత్తరం చదివి నాకు ఒళ్ళు మండింది. ఏమిటా పొగరు ఆవిడకి? లక్ష్మీదేవి కోసం పూసిన పసుపు చూసి ముఖం తిప్పుకుంటుందా? పెద్దావిడ కాబట్టి ఊరుకుంటున్నాను. ఇక్కడ నా పేషెంటు ఎవరైనా అలా చేసి ఉంటే మందులతోపాటు నాలుగు మాటలు కూడా రాసిచ్చేదాన్ని.

పసుపు మరక ఎండకి పోతుంది, ఆమాత్రం మర్చిపోయావా? తెల్లచీర మీద పడితే అమ్మ ఎండలో ఆరేసేది కదా. ఈ మేయో జిల్లా వానలో ఇరవై ఏళ్ళుగా నానుతున్న నాకే గుర్తుంది.

అయినా ఎందుకే ఆ తాపత్రయం? పోతే పోనీ వెధవ కొంప. నీదా, నాదా? సామాను సర్దుకుని వచ్చెయ్యి. హేమచంద్ గారితో మాట్లాడాను, సెప్టెంబరులో అయితే సరిగ్గా సరిపోతుందన్నారు. గదికి కొత్త కర్టెన్లు కూడా వేశాను. ఏం జరిగినా మన మంచికే అంటారు, ఇదే అది.

సుధక్క


సోల్,
1 జూన్ 2025.

సుధేష్ణ గారికి,

కర్టెన్లకి ధన్యవాదాలు.

మా వీధి గుమ్మం మీద పెంకుల చూరు ఉంది. ఎండాకాలపు ఎండ గడప మీద పడకుండా, చలికాలపు ఎండ లోపలిదాకా వచ్చేలా లెక్క చూసుకుని దింపారు. తమరి చిట్కా పనిచెయ్యాలంటే డిసెంబరు దాకా ఆగాలి. నా గడువు సెప్టెంబరులోనే అయిపోతోంది.

"వెధవ కొంప" అన్నావు. హేమచంద్ గారికి ముందే మాట కూడా ఇచ్చేశావు. ఈ ఇల్లు పోవాలని నువ్వు కోరుకుంటున్నావని నాకు అనుమానం వస్తోంది అక్కా. నేను ఎక్కడున్నా నీ ఇంటి మేడమీద గదిలో లేనంతకాలం నీకు తప్పుగానే కనిపిస్తాను. "నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు" అంటావు, నీ కుందేలుకి ఒక్క కాలూ లేదు.

పక్కిళ్ళవాళ్ళు కూడా గడప చూసి చూడనట్టు వెళ్ళిపోతున్నారు. నేను మాత్రం తలెత్తుకునే తిరుగుతున్నాను. సెప్టెంబరు దాకా ఇది నా ఇల్లే.

చంద్రకళ


కాజిల్‌బార్,
22 జూన్ 2025.

నా చంద్రీ,

"గారు" అన్నావు చూశావా, అది గుచ్చుకుంది. నిజమే, నువ్విక్కడికి రావాలని ఉంది నాకు. వారమంతా ఈ ఇంట్లో నేనొక్కదాన్నే. వాన చప్పుడు వింటూ ఒక్కదాన్నీ అన్నం తింటుంటే నువ్వుంటే బాగుండుననిపిస్తుంది. అంతేగానీ నీ ఇల్లు పోవాలని ఏనాడూ అనుకోలేదు. నోరు జారాను. క్షమించు.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను, జాగ్రత్తగా చదువు. మొన్న నా క్లినిక్కి ఒక ముసలి రైతు వచ్చాడు. పేరు మార్చి చెప్తున్నాను, మార్టిన్ అనుకో. ఏడాదిగా చర్చికి వెళ్ళడం మానేశాడట. ఫాదర్‌తో గొడవపడ్డానని ఊరంతా చెప్పుకున్నాడు. పాపం ఆ ఫాదర్ తన తప్పేమిటో తెలియక రెండుసార్లు ఇంటికెళ్ళి బతిమాలాడట. నేను మార్టిన్‌ని మా వార్డులో ప్రాక్టీసు మెట్లు ఎక్కమన్నాను. ఎక్కలేదు. "అయామ్ గ్రాండ్, డాక్టర్, అయామ్ గ్రాండ్" (ఇక్కడివాళ్ళ మాటలో బాగానే ఉన్నానని) అంటూ మెట్లకేసి చూస్తూ నిలబడ్డాడు. ముఖం బిగుసుకుపోయింది. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. చర్చికి మెట్లున్నాయి. కుంటివాడు అనిపించుకోవడం కన్నా దేవుణ్ణి వదిలేశాడనిపించుకోవడమే నయం అనుకున్నాడు మహానుభావుడు.

ఆ ముఖం చూస్తుంటే నీ ఉత్తరం గుర్తొచ్చింది. ఇంటికొచ్చి మళ్ళీ చదివాను. గుమ్మం ముందు నిలబడింది, కిందకి చూసింది, చాలాసేపు చూసింది, ముఖం బిగుసుకుపోయింది, తిరిగి వెళ్ళిపోయింది. ఓసి నా తల్లీ! ఇది పసుపు జబ్బు కాదే, మోకాలి జబ్బు. నేను వృద్ధుల డాక్టర్నై ఉండి కూడా కోపంలో చూడలేకపోయాను.

నాకు వీటికి జవాబు రాయి. ఆ గడప ఎంత ఎత్తు? ఆవిడ గుమ్మం కమ్మి పట్టుకుందా? ఒక చేత్తోనా, రెండు చేతులతోనా? టాక్సీలోకి ఎలా ఎక్కింది, ముందు కాలు పెట్టిందా, ముందు కూర్చుని తరవాత కాళ్ళు లోపలికి లాక్కుందా?

కోపం తగ్గకపోయినా జవాబు రాయి.

నీ అక్క


సోల్,
13 జూలై 2025.

అక్కా,

గడప నా పిక్కలో సగం దాకా వస్తుంది. ఆవిడ గుమ్మం కమ్మిని రెండు చేతులతోనూ పట్టుకుంది. టాక్సీలో ముందు కూలబడి, తరవాత ఒక్కొక్క కాలే చేత్తో ఎత్తి లోపల పెట్టుకుంది. రాస్తుంటే సిగ్గేస్తోంది. ఇవన్నీ చూశాను అక్కా, కళ్ళతో చూశాను. నా మనసంతా పసుపు మీదే ఉంది.

నీ ఉత్తరం వచ్చాక పక్కింటాయన్ని అడిగాను, హల్మొని ఎందుకు వెళ్ళిపోయిందని. కొడుకు తీసుకెళ్ళాడని అందరికీ తెలుసు. ఒకరోజు మార్కెట్టు నుంచి వచ్చి గడప దగ్గర పడిపోయిందనీ, ఎవరికీ చెప్పొద్దని తన దగ్గర ఒట్టు వేయించుకుందనీ ఆయన ఒక్కడికే తెలుసు. నా పసుపు సంగతి కూడా అడిగాను. "అదా? మీ దేశంలో క్రిమికీటకాలు రాకుండా రాస్తారేమో అనుకున్నాం, అడిగితే బాగుండదని ఊరుకున్నాం" అన్నాడు. నేను వీళ్ళందరి మౌనానికీ ఏవేవో అర్థాలు చెప్పుకుని నెలల తరబడి తలెత్తుకు తిరిగాను!

ఇప్పుడొక చిక్కు ఉంది. గడపకి అటూ ఇటూ మెట్టు వేస్తే ఆవిడ దాటగలదు. దాటగలిగితే ఇంటికొచ్చేస్తుంది. ఆవిడ సొంత ఇల్లు, సొంత గది. వచ్చేస్తే నేనుండాల్సిన పని ఏముంది? ఆవిడ రాకపోతే హోటల్‌వాళ్ళకి పోతుంది, వస్తే ఆవిడకి పోతుంది. ఎటు చూసినా నాకు పోయేదే అయినప్పుడు ఇందులో ఆలోచించేదేముంది అంటావేమో. ఉంది. మిన్‌హోని బతిమాలి ఇంకో ఏడాది సంపాదించగలననే నమ్మకం నాకుంది, మాటలతోనే కదా నేను బతికేది. మెట్టు వేస్తే ఆ దారి కూడా మూసుకుంటుంది. రెండు రోజులు అన్నం సయించలేదు.

కానీ అక్కా, టూరిస్టులకి నేను చెప్పేదేమిటి? ఇళ్ళు చూడ్డానికి కట్టలేదు, ఉండడానికి కట్టారు అని. ఉండాల్సిన మనిషి వీధిలో నిలబడి వెనక్కి పోతే, నేను లోపల కూర్చుని అదే మాట ఏ నోటితో చెప్పను?

ఎంత ఎత్తు వెయ్యాలో రాయి. పాత చెక్కకి మేకు తగలకూడదు, మర్చిపోకు.

నీ
చంద్ర


కాజిల్‌బార్,
27 జూలై 2025.

చంద్రీ,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. డాక్టర్లు ఏడిస్తే కన్సల్టేషన్ ఫీజు ఎక్కువ, గుర్తుంచుకో.

గడప ఎత్తులో సగం ఎత్తుండే మెట్లు రెండు చేయించు, బయటికొకటి, లోపలికొకటి. ఊరికే నేలమీద ఆనించి పెట్టేవి, కదలకుండా బాగా బరువుండాలి. పాదం మొత్తం ఆనేంత వెడల్పు కావాలి. పట్టుకునే కర్ర ఆ మెట్టులోనే పాతించు, నీ గుమ్మం జోలికి పోకుండా. మా ఫిజియోలు చెప్పే మాట ఒకటుంది: మంచి కాలు స్వర్గానికి, చెడ్డ కాలు నరకానికి. అంటే ఎక్కేటప్పుడు ముందు బాగున్న కాలు, దిగేటప్పుడు ముందు నొప్పి కాలు. మార్టిన్‌కి ఇదే చెప్పి మెట్లెక్కించాం. ఆదివారం చర్చికి వెళ్ళాడట, ఫాదర్ చేతులు పట్టుకుని వదల్లేదట.

ఆవిడకి మోకాళ్ళ మాట మాత్రం ఎత్తకు. మెట్టు నీకోసం వేయించుకున్నానని చెప్పు.

హేమచంద్ గారికి ఫోన్ చేసి మా చెల్లెలు రాదని చెప్పేశాను. ఆ ఇల్లు పోయినా నువ్వు రావని నాకు అర్థమైంది. నీకిష్టమైన చోటే ఇంకో ఇల్లు వెతుక్కుందువు గాని, నేనున్నాను.

అక్క


సోల్,
7 సెప్టెంబరు 2025.

అక్కా, అక్కా, అక్కా,

నిన్న వచ్చింది.

మెట్లు నువ్వు చెప్పినట్టే చేయించి, హల్మొనిని ఊరికే భోజనానికి పిలిచాను, గడువు అయిపోతోంది కదా, వెళ్ళేముందు మా ఉప్మా తినిపిస్తానని. మిన్‌హో తీసుకొచ్చాడు. ఆవిడ గుమ్మం ముందు ఆగి, మెట్టుని చూసి, నన్ను చూసింది. "నేను గైడ్‌ని కదా హల్మొని, తిరిగి తిరిగి కాళ్ళు పీకుతున్నాయి, నాకోసం వేయించుకున్నాను" అన్నాను. నా అబద్ధం ఆవిడకి తెలిసిపోయింది. కర్ర పట్టుకుంది. స్వర్గం, నరకం మాట చెప్పాను. పకపకా నవ్వింది. నవ్వుతూనే మంచి కాలు పైన పెట్టింది.

గడప మీద ఆగి పసుపు చూసి ఏమిటిదని అడిగింది. మా ఇళ్ళల్లో ఇల్లు చల్లగా చూసే తల్లి ఒకావిడ ఉంది, ఆవిడ లోపలికి రావాలని రాస్తామని చెప్పాను. "మరి వచ్చిందా?" అంది. "వస్తున్నారు, ఇంకొక్క అడుగు" అన్నాను. మిన్‌హో పక్కకి తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

లోపలికొచ్చాక ఆవిడ చేసిన హడావిడి చెప్పలేను. చెక్క వసారా అరిచేత్తో నిమిరింది. వంటింట్లో నా గరిటెలు తగిలించిన చోటు బాగాలేదని అన్నీ మార్చింది. ఆ రోజు టాక్సీలో వచ్చింది ఎందుకో అప్పుడు చెప్పింది. కొడుక్కి తెలియకుండా, గడప దాటగలనో లేదో చూసుకుందామని వచ్చిందట. దాటలేకపోయేసరికి గుండె పగిలి, ఇంక ఆ ఇల్లు ఎవరికిచ్చుకుంటే ఏం అని కొడుకుతో అనేసిందట. ఎర్రగా ఉందో, పచ్చగా ఉందో ఆవిడ అప్పుడు చూడనే లేదు.

చీకటి పడుతుంటే మిన్‌హో లేచి "వెళ్దామా అమ్మా" అన్నాడు. "నువ్వు వెళ్ళు, నా బట్టలు రేపు పంపు" అంది. ఆయన వాదించాడు, ఒక్కదానివే ఎలా ఉంటావన్నాడు. ఆవిడ నా వైపు తిరిగి చూసింది. నేను తల దించుకున్నాను. నెలాఖరుకి ఖాళీ చేస్తానని చెప్పాల్సింది పోయి, ఎంగిలి గిన్నెలు తియ్యడం మొదలుపెట్టాను.

"పెద్ద గది నాది, నీ సామాను ఈ రాత్రే తీసెయ్యి" అంది. సరేనన్నాను. "ఎదురు గదిలో పెట్టుకో. దానికి పొద్దుటి ఎండ వస్తుంది. లీజూ గీజూ ఇంక రాయను, అది పరాయివాళ్ళతో రాసుకునేది. పొద్దున్నే లేవాలి, నేను ఒక్కదాన్నే అన్నం తినను" అంది.

నేను గట్టిగా ఏడిచేశాను అక్కా. ఈ పేటలో గట్టిగా శబ్దం చెయ్యకూడదని నన్నే కసిరింది.

పొద్దున్న నీకు ఉత్తరం రాస్తుంటే పక్కన కూర్చుని కవరు తీసుకుని చూసింది. మీ అక్కకి ఈ ఇంటి పెద్ద ఎవరో తెలియాలి కదా అంది. కాబట్టి ఇకమీదట నా పేరు కింద ఇలా రాయి: కేరాఫ్ యున్ సూన్‌రే.

నీ
చంద్ర